టీవీలో అక్కలా ఆడిపాడతానంటున్న ఐదేళ్ల పాప

ప్రశ్న: మాది విజయవాడ. మావారి ఐటీ ఉద్యోగం వల్ల టోక్యోలోని నిషి-కసాయిలో ఉంటున్నాం. పిల్లలూ నేనూ డిపెండెంట్ వీసా మీద ఉన్నాం. మా పాపకు ఐదేళ్లు, జపనీస్ గలగలా మాట్లాడుతుంది. తమ్ముడితో కలిసి జపాన్ ప్రభుత్వ రంగ చానెల్ ఎన్‌హెచ్‌కేలో వచ్చే చిన్నపిల్లల కార్యక్రమం 'ఇనై ఇనై బా!' చూస్తూ, అందులో పాడే అక్కలా తనూ టీవీలో కనిపిస్తానంటోంది. ఈమధ్య ఒక బాలనటుల ఏజెన్సీవాళ్లు మాల్‌లో పాపను చూసి కార్డు ఇచ్చారు. చేర్చమంటారా? దీనిలో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు చెప్తాను. దీన్ని భవిష్యత్తుగా లెక్కవేసుకోవద్దు. 1996 నుంచి వస్తున్న ఆ కార్యక్రమంలో కుక్క వేషంలోని వాన్‌వాన్ మొదటినుంచీ ఉన్నాడు. పక్కన ఆడే పాప మాత్రం కొన్నేళ్లకోసారి మారుతుంది. ఎంత బాగా చేసినా పెరిగి పెద్దదైతే చోటు ఇంకొకరికి ఇవ్వాల్సిందే. 2010, 2011 ప్రాంతంలో బాలనటిగా సీరియళ్లతో దేశమంతా పేరు తెచ్చుకున్న అషిదా మనా ఇప్పటికీ నటిస్తోంది, నిజమే. అయితే 2017లో జూనియర్ హైస్కూల్లో చేరడానికి ముందు ఆమె కూడా పనులు తగ్గించుకుని ప్రవేశ పరీక్షకు చదివింది.

ఇక చేర్చాలా వద్దా అన్నది. జపాన్ కార్మిక చట్టం పదమూడేళ్లలోపు పిల్లలను సినిమా, నాటకం లాంటి పనుల్లో తప్ప పెట్టుకోనివ్వదు. దానికీ లేబర్ ఆఫీసు అనుమతి కావాలి. బడికెళ్లే వయసు వచ్చాక చదువుకు ఇబ్బంది లేదని హెడ్మాస్టరు రాసివ్వాలి, మీ సమ్మతిపత్రమూ ఉండాలి. బడి గంటలతో కలిపి రోజుకు 7 గంటలు, వారానికి 40 గంటలు దాటకూడదు. ఒకటో తరగతిలో చేరాక బడికే అయిదు గంటలు పోతే షూటింగుకు మిగిలేది రెండు గంటలే. జీతం పాపదే, మీరు ఆమె బదులు తీసుకోకూడదు. డిపెండెంట్ వీసా కాబట్టి డబ్బొచ్చే పనికి ఇమిగ్రేషన్ అనుమతి విడిగా తీసుకోవాలి. ఇది ముందే చూసుకోండి.

కాగితాలకంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మీ సమయం. ఆడిషన్‌కైనా రిహార్సల్‌కైనా పాపతో వెళ్లి గంటలకొద్దీ కూర్చునేది మీరే. చిన్నవాడిని ఎవరు చూస్తారు? అమ్మమ్మా నానమ్మా విజయవాడలో ఉన్నారు. మీవారి ఆఫీసు ప్రతిసారీ సెలవు ఇవ్వకపోవచ్చు. ఈ లెక్క తేలకుండా పాపకు మాట ఇవ్వకండి. ఆడిషన్లలో ఎక్కువమంది పిల్లలు వెనక్కే వస్తారు. ఆ రోజు పాప ఏడిస్తే ఓదార్చే ఓపిక మీకు మిగిలి ఉండాలి.

కార్డు ఇచ్చారంటే ఎంపికైనట్టు కాదు. కొన్ని ఏజెన్సీలకు చేరిక రుసుము, పాఠాల ఫీజు, ఫొటోల ఖర్చే ప్రధాన ఆదాయం. ముందు డబ్బు కట్టమని తొందరపెడితే అక్కడే ఆగిపోండి.

పాపకు ఆట, పాట నిజంగా ఇష్టమైతే దగ్గర్లోనే పిల్లల డాన్స్ క్లాసులోనో కోరస్‌లోనో చేర్చండి. అదే పాటను పదోసారి పాడమన్నా నవ్వుతూ పాడుతుందా, పదిమంది పెద్దల మధ్య అలసటొస్తే నోరు విప్పి చెప్తుందా, గమనించండి. ఈ రెండూ ఉంటే వచ్చే ఏప్రిల్లో బడి మొదలై రెండు నెలలు గడిచాక ఏజెన్సీతో మాట్లాడండి. అప్పుడు కూడా ఒప్పందం ఇంటికి తెచ్చుకుని, జపనీస్ బాగా చదివేవాళ్లతో రద్దు షరతులున్న పేజీ చదివించుకున్నాకే సంతకం పెట్టండి.