ఎన్నారై సందేహాలు: ఈఎంటీ కోర్సుకు ముందే కరిగిపోయే డాలర్లు

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో మూడేళ్ళు 108 వాహనంలో ఈఎంటీగా, అంటే రోగికి దారిలో అత్యవసర చికిత్స చేసే సిబ్బందిగా పనిచేశాను. పెళ్ళయ్యాక పోయిన ఏడాది హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చేది) మీద టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వచ్చాను. పని అనుమతి కార్డు కూడా చేతికి వచ్చింది. ఇక్కడ మళ్ళీ శిక్షణ తీసుకోవాలా? కోర్సు మొదలయ్యేలోగా ఏమేమి సమకూర్చుకోవాలి?

జవాబు: మళ్ళీ తీసుకోవలసిందేనమ్మా. అక్కడ మీరు చూసిన రోడ్డు ప్రమాదాలూ, వాహనంలో పోసిన పురుళ్ళూ ఇక్కడి కోర్సుకు బదులుగా చెల్లవు. రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆమోదించిన 150 గంటలకు పైబడిన కోర్సు పూర్తిచేసి, ఈఎంటీలకు దేశమంతటా పరీక్ష పెట్టే నేషనల్ రిజిస్ట్రీ పరీక్ష నెగ్గి, వేలిముద్రలిచ్చి, రాష్ట్రం నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఈ నిబంధనలన్నీ ఆ రెండు సంస్థల వెబ్‌సైట్లలో ఉన్నాయి కాబట్టి తీరిగ్గా చదువుకోండి. నేను డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే దాన్ని నాకు ఎవరూ చెప్పలేదు.

నేను 2011లో తెనాలి నుంచి మీ ఊరికే వచ్చాను. ఉద్యోగం చేసే వీలు లేక నాలుగేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. 2015లో హెచ్4 వారిలో కొందరికి పని అనుమతి ఇచ్చే నిబంధన రాగానే కార్డు తెచ్చుకుని, మరుసటి ఏడాదే ఈఎంటీ కోర్సులో చేరాను. బీకాం చదివినదాన్ని గనుక ప్రతి డాలరునూ పద్దు పుస్తకంలో ఎక్కించాను. ఎడమ పేజీలో ఖర్చు, కుడి పేజీలో ఎర్ర సిరాతో వృథా. ఆ పుస్తకం ఇప్పటికీ వంటగది అలమరలో ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలకు దాన్ని తీసి చూపిస్తుంటే మా వారు నవ్వుతారు గాని, చూసినవాళ్ళు నవ్వరు.

మొదటి తప్పు తొందర. ఎనిమిది వారాల్లో పూర్తిచేయిస్తామన్న ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ ప్రకటన చూసి, ఆ రోజే 1,850 డాలర్లు కట్టేశాను. కౌంటీ పన్నుల మీద నడిచే కమ్యూనిటీ కాలేజీలో అదే కోర్సు ఎంతో తక్కువకు వస్తుందని నాలుగు రోజుల తరువాత తెలిసింది. కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ కౌంటీల మీదుగా పరుచుకుని ఉందన్న సంగతి మీరింకా గమనించి ఉండరు. కాలిన్ కౌంటీ వైపు ఉంటే కాలిన్ కాలేజీలో స్థానికుల రుసుము కడితే సరిపోతుంది, డెంటన్ వైపు ఉంటే ఎక్కువ కట్టాలి. రెండు వైపులవాళ్ళమూ పప్పూ ఉప్పూ ఒకే దుకాణంలో కొంటాం గాని, కాలేజీ లెక్కలో మాత్రం వేరువేరు జిల్లాల వాళ్ళం. మీ అద్దె ఒప్పందం ఈ ఏడాది ముగుస్తుంటే, ఇల్లు మారేముందు ఈ తేడా కూడా లెక్క వేసుకోండి. రాష్ట్రంలో పన్నెండు నెలలుగా స్థిరపడి ఉన్నట్టు రుజువు చూపగలిగితే హెచ్4 వారికి కూడా రాష్ట్రవాసుల రుసుము వర్తించే వీలుంది. అద్దె రసీదులు, బ్యాంకు కాగితాలు ఒక్కటి కూడా పారేయకండి.

రెండో తప్పును తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. క్లినికల్ గంటల కోసం, అంటే నిజమైన రోగుల మధ్య చేసే శిక్షణ కోసం ఆసుపత్రిలో అడుగుపెట్టనివ్వాలంటే క్షయ లేదన్న కాగితం చూపించాలి. చవకగా ఉందని చర్మ పరీక్ష చేయించుకున్నాను. రెండో రోజుకు ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మేర గట్టిపడి పొంగింది. నర్సు చిన్న స్కేలుతో కొలిచి, పాజిటివ్ అని రాసేసింది. మనకు పసితనంలో వేసే బీసీజీ టీకా వల్ల ఈ పరీక్ష అలా తప్పుగా పొంగవచ్చునని, క్వాంటిఫెరాన్ వంటి రక్తపరీక్షకు ఆ టీకాతో నిమిత్తం లేదని ఆ తరువాత తెలుసుకున్నాను. ఈలోగా ఛాతీ ఎక్స్‌రే, డాక్టరు రుసుము, చివరికి అదే రక్తపరీక్ష కలిసి 340 డాలర్లు ఎర్ర సిరాలోకి వెళ్ళాయి. అంబులెన్సులో తిరగవలసిన తేదీ కూడా చేజారింది. మీ భుజం మీద ఆ టీకా మచ్చ ఉంటుంది కదా, మొదటే రక్తపరీక్ష అడగండి.

టీకాల వ్యవహారమూ ఇలాంటిదే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందని, మా అమ్మ మంచం చుట్టూ వేపమండలు కట్టిందని చెబితే ఇక్కడ ఎవరూ రాసుకోరు. రక్తంలో యాంటీబాడీలు ఉన్నట్టు పరీక్ష కాగితమో, తేదీలతో టీకా రికార్డో కావాలి. హెపటైటిస్ బీ టీకా మామూలుగా మూడు మోతాదులు, మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఆరు నెలలు పడుతుంది గనుక కోర్సులో చేరాక తలచుకుంటే ఆలస్యమైపోతుంది. 108లో ఉండగా మీకు వేసే ఉంటారు. ఆ వివరాలు డాక్టరు సంతకంతో, ముద్రతో, ఇంగ్లీషులో రాయించి పంపమని ఇంట్లోవాళ్ళకు ఈ వారమే ఫోన్ చేయండి.

సామాన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి తరగతికి ముందే గుండె డాక్టర్లు వాడే స్టెతస్కోపు 190 డాలర్లకు కొని, రెండో క్లినికల్ రోజున ఏ వాహనంలోనో మరిచిపోయాను. మా శిక్షకుడు మాత్రం మెడలో 20 డాలర్లది వేసుకుని తిరిగేవాడు. పాఠ్యపుస్తకం పాతది 45 డాలర్లకు దొరికిందని సంబరపడ్డాను గాని, కోర్సుకు కావలసిన ఆన్‌లైన్ కోడు కొత్త పుస్తకంతోనే వస్తుందట. సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కడం) నేర్చుకున్నట్టు చూపే కార్డు ఇంట్లో కూర్చుని 30 డాలర్లకు తెచ్చుకుంటే, బొమ్మ మీద చేతులతో నొక్కి చూపించని కార్డు చెల్లదన్నారు. క్షయ పరీక్షలకు పోయిన 340 కూడా కలిపితే వృథా 605 డాలర్లు. ఆ రోజుల్లో మాకు నెల సరుకులు అంతకంటే తక్కువకే వచ్చేవి.

పరీక్ష రుసుము కూడా రెండుసార్లు కట్టాను. కంప్యూటరు మన జవాబును బట్టి తరువాతి ప్రశ్న ఎంచుకుంటుంది. 70 నుంచి 120 ప్రశ్నల మధ్య ఎక్కడైనా ఆపేస్తుంది. మొదటిసారి 120 దాకా లాగి తప్పాను. పదిహేను రోజులు ఆగి మళ్ళీ రాస్తే డెబ్బై దాటగానే తెర ఆగిపోయింది. ఈసారి మరీ ఘోరంగా తప్పానని పార్కింగులో కారులో కూర్చుని ఏడ్చాను. నెగ్గానని మర్నాడు తెలిసింది. నేను తప్పింది బట్టీ పట్టడం వల్ల. మీకు పొంచి ఉన్న ముప్పు వేరు. నాకు తెలిసిన ఒకబ్బాయి గుంటూరు వైపు 108లో పనిచేసి వచ్చాడు. అక్కడ కాల్ సెంటరు డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి సెలైన్ పెట్టే అలవాటుతో, ఇక్కడి ప్రశ్నలకూ అలాగే జవాబులు రాశాడు. ఇక్కడ మెడికల్ డైరెక్టరు ముందే రాసిచ్చిన ప్రోటోకాల్ ప్రకారం నడుచుకోవాలి, ఈఎంటీ స్థాయి పాఠంలో సెలైన్ ఎక్కించడం ఉండదు. మీకు తెలిసిన దానిలో కొంత పక్కన పెట్టడం, కొత్తది నేర్చుకోవడం కంటే కష్టంగా ఉంటుంది.

రోగికి చికిత్స చేసి చూపించే పరీక్షలో నోరు విప్పాలి. చేతికి గ్లవ్స్ తొడుక్కుని, నాలుగు వైపులా చూసి, రోగి దగ్గరకు చక్కగా వెళ్ళాను. "సీన్ సేఫ్" అని పైకి అననందుకు అక్కడికక్కడే తప్పించారు. తెనాలిలో ఆడపిల్ల నోరు మూసుకుని పని చేసుకుపోతే మెచ్చుకునేవారు. ఇక్కడ అది మార్కులు తినేసింది. కోర్సుకు ముందు రోజుకు రెండుసార్లు మీ వారి రక్తపోటు చూడండి, ఒకసారి టీవీ గట్టిగా మోగుతుండగా చూడండి. చేసే ప్రతి పనినీ ఇంగ్లీషులో పైకి చెబుతూ చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

పెట్టిన డబ్బు వెంటనే తిరిగి వస్తుందని ఆశపడకండి. మన చుట్టుపక్కల ఊళ్ళలో 911 (ఇక్కడి అత్యవసర నంబరు) అంబులెన్సులు చాలావరకు అగ్నిమాపక శాఖల చేతిలో ఉంటాయి. అక్కడ ఫైర్‌ఫైటరు, పారామెడిక్ (ఈఎంటీకి పై స్థాయి) అర్హతలు రెండూ అడుగుతారు. కొత్త ఈఎంటీకి దొరికేది డయాలసిస్ రోగులను ఇంటికీ కేంద్రానికీ చేరవేసే ప్రైవేటు అంబులెన్సుల్లోనే, గంటకు 20 డాలర్లకు కాస్త అటూ ఇటూగా. నేనూ రెండేళ్ళు అదే చేసి, ఆ తరువాతే ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలోకి మారాను. పెట్టింది తిరిగి రావడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మీకు నాలుగు చాలు, నా పద్దు పుస్తకం చూశారు గనుక.

బూట్ల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. నేను తగ్గింపు ధరకు అర సైజు పెద్దవి కొని, మొదటి పన్నెండు గంటల డ్యూటీలో మడమల నిండా బొబ్బలతో రెండో అంతస్తు నుంచి ఒక పెద్దాయనను మెట్ల కుర్చీలో కిందికి దింపాను. ఆయన దారి పొడవునా నా కాళ్ళ వంక చూస్తూ అయ్యో అంటూనే ఉన్నాడు.