ఫ్యాక్టరీల్లో వాడే వన్ పాయింట్ లెసన్ కూడా ఎస్ఓపీ (పని ఎలా చేయాలో వరుసగా రాసిన పత్రం) లాంటిదేనా?

కాదు, ఎస్ఓపీ పని మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా చెబుతుంది. వన్ పాయింట్ లెసన్ అందులో ఒకే ఒక్క విషయాన్ని బొమ్మతో, ఒకే పేజీలో చూపిస్తుంది. జపాన్‌లో పుట్టిన టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్, అంటే మిషన్లు పాడవకుండా అందరూ కలిసి చూసుకునే) పద్ధతిలో ఇదొక భాగం. మిషన్ పక్కనే నిలబడి 5–10 నిమిషాల్లో చెప్పేయాలి కాబట్టే ఒక్క పాయింటుతో ఆపుతారు.

ఉదాహరణకు ఆయిల్ లెవెల్ చూడటం. రెండు ఫొటోలు పక్కపక్కన పెడతారు: ఒకదానిలో ఆయిల్ రెండు గీతల మధ్య ఉంటుంది, పైన పచ్చ టిక్కు. రెండోదానిలో కింది గీత కన్నా దిగువన, పైన ఎర్ర ఇంటూ గుర్తు. కింద ఒక్క వాక్యం చాలు.

చాలామంది దీన్ని గోడకు అంటించే పోస్టర్ అనుకుంటారు. అంటించి వదిలేస్తే అది పాఠం కాదు. ఒకరు చూపించాలి, ఎదుటివారి చేత చేయించాలి, ఎవరికి ఎప్పుడు నేర్పారో ఆ షీట్ మీదే రాయాలి. తయారుచేసేది ఇంజనీరే కానక్కర్లేదు, రోజూ ఆ మిషన్ నడిపే ఆపరేటర్ గీస్తే ఇంకా మంచిది.