ఫ్రీజర్ బాక్సు కొనేముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

హైదరాబాదు ఉద్యోగం మానేసి గుంటూరులో ఫ్రీజర్ బాక్సు, వైకుంఠ రథం అద్దెకిస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. శవాల పెట్టెవాడికి పిల్లనెవరిస్తారన్నది దాని బాధ. నేనూ ముందు తిట్టుకున్నాను గానీ, మన శామియానాల కొట్టు మూసేశాక మళ్లీ మనింట్లో ఒకడు అర్ధరాత్రి ఫోనెత్తి "వస్తున్నామండీ" అంటాడంటే, నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉంది.

రేటు ఫోన్లోనే చెప్పు, గుమ్మం ఎక్కాక మార్చకు. బొంగరాలబీడు శ్మశానానికా, కొరిటెపాడు శ్మశానానికా అన్నది బండి తీయకముందే అడుగు. ఒంటిమీద బంగారం ఉంటే ఇంటివాళ్ల చేతే తీయించు. పేస్‌మేకర్ ఉందేమో కనుక్కో, ఉంటే డాక్టరు చేత తీయించాల్సిందే, మంటల్లో అది పేలుతుంది. కళ్లు ఇచ్చే ఆలోచన ఉందా అని మెల్లగా అడుగు, దానికి 6 గంటలే టైము.

అసలు నా టెన్షనంతా కరెంటు గురించి.

అప్పట్లో ఒక సప్లయర్ కుర్రాళ్లు బ్రాడీపేటలో ఒక పాతింటికి బాక్సు తెచ్చారు. నడివేసవి. బాక్సు ప్లగ్గు ఆ ఇంటి సాకెట్లో పట్టలేదు. ఏం చేశారనుకున్నావు, ప్లగ్గు కోసేసి, రెండు వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చి బిగించారు, ఎర్తు వైరు గాలికొదిలేశారు. గచ్చంతా తడి. తెనాలి నుంచి కూతురు పరుగున వచ్చి, చెప్పులు వాకిట్లో విడిచి, నాన్నా అంటూ బాక్సు స్టీలు అంచు పట్టుకుని విరుచుకు పడిపోయింది. ఏడ్చి సొమ్మసిల్లిందనుకుని ఆడవాళ్లంతా ఆమె మీద నీళ్లు చల్లడం మొదలెట్టారు! నేను బయట శామియానా కడుతున్నాను. కిటికీలోంచి ఆ అగ్గిపుల్లలు కనబడి, పరిగెత్తి మెయిన్ దించాను. ఆవిడ బతికింది, అరచెయ్యి కాలింది. చావింట్లో ఇంకో చావు తప్పింది. ఆ సప్లయర్ మర్నాడు అద్దె డబ్బుల కోసం వచ్చాడు కూడా, సిగ్గులేని మనిషి.

అందుకే టెస్టర్ లేకుండా ఏ ఇంటికీ వెళ్లకు. నీ సొంత ఎక్స్‌టెన్షన్ బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించు, కరెంటు లీకైతే అదే కట్టేస్తుంది. అది ఉంది కదా అని ఎర్తు మానేస్తావేమో, రెండూ ఉండాలి. ఎర్తు లేని ఇంట్లో ప్లగ్గే పెట్టకు, వాళ్లు ఎంత బతిమాలినా సరే, ఎర్తున్న పక్కింటి నుంచి లైను తెచ్చుకో. బాక్సు నుంచి కారే నీళ్లకి బకెట్టు పెట్టు.

అద్దం మీద ఆవిరి పడుతుంటుంది, పొడిబట్టతో తుడుస్తుండు. వచ్చిన ప్రతివాడూ మూత తీయమంటాడు, తీసిన ప్రతిసారీ చల్లదనం పోతుంది, కుదరదని చెప్పు. కన్నతల్లి అడిగితే మాత్రం తీయరా. ఆమె చెయ్యి పెట్టి ముఖం తడిమి, తనంతట తాను వెనక్కి జరిగేదాకా మూత మీద చెయ్యి వెయ్యకు.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా నీకే అప్పజెబుతారు. ఇంటిపేరు, పెద్దకర్మ తేదీ చదివి వినిపించాకే ప్రింటుకివ్వు. మరణం 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించుకోమనీ, ఆధార్‌లో ఉన్నట్టే పేరు రాయించమనీ చెప్పు, ఆ గొడవలో ఎవరికీ గుర్తుండదు.

పాత బాక్సు చవగ్గా వస్తుందని ఎగబడకు, నేనొచ్చి వైరింగు చూస్తాను. డబ్బు తగ్గితే నన్నడుగు, మీ అమ్మకి చెప్పకు.

మీ మామయ్య