60 దాటిన పైలట్‌కు విమానం ఎట్లా ఇస్తారంటే...

"వయసు మీదపడితే బుర్ర మందగిస్తుంది కదా, 60 దాటిన పైలట్ల చేతికి విమానం ఎట్లా ఇస్తారు?" అని అడిగినారు. నేను పైలట్‌ను కాదు. మా నాయన కడప–రాయచోటి రూట్లో ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైనాడు. ఆ దారిలోని గువ్వలచెరువు ఘాటు తెలిసినవాళ్లకు ఈ అర్హత చాలు.

ఆయన రిటైర్మెంటు దగ్గరపడినప్పటి సంగతి. నేను ఇంజన్ పక్క సీట్లో కూర్చోనుంటి. కడప వైపు ఘాటు దిగుతాంటే ముందర మదనపల్లె టమాటా లోడు లారీ. నాయన ముక్కు ఎగబీల్చి "బ్రేకు లైనర్లు కాల్తాండాయి వానివి" అన్నాడు. మలుపు రాకముందే రెండో గేరుకు దించి దూరం వదిలేసినాడు. "ఏం సామీ, ఇది బస్సా, ఎద్దులబండా?" అని వెనకనుంచి ఎవరో అరిచినారు. రెండు మలుపులు తిరిగేసరికి ఆ లారీ కొండవార గుద్దుకోని నిలబడుంది. రోడ్డంతా టమాటాలు. మేం నిమ్మళంగా దాని వెనక ఆగినాం. డీజిలు మిగుల్తుందని న్యూట్రల్‌లో దించేవాళ్లకు ఎన్ని బోర్డులు పెట్టినా తలకెక్కదు, ఆ గోడు వేరే.

అదే మనిషి ఇప్పుడు ఓటీపీ చూసి, కొట్టేలోపల మర్చిపోతాడు. మనవడు నవ్వుతాడు. కొత్త అంకెల్ని కాసేపు మనసులో నిలుపుకోవడం, రెండు పనులు ఒకేసారి చూసుకోవడం వయసుతో తగ్గుతాయి, నిజమే. చేయి తిరిగిన పని అంత తొందరగా పోదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 40 నుంచి 69 ఏళ్ల పైలట్లు 118 మందిని మూడేళ్లు సిమ్యులేటర్‌లో (నేలమీదే విమానం నడిపినట్టు చేయించే యంత్రం) పరీక్షించి 2007లో ఫలితాలు చెప్పినారు. పెద్దవాళ్లు మొదట్లో వెనకబడినా, మూడేళ్లలో వాళ్ల పనితనం చిన్నవాళ్లదానికన్నా తక్కువే తగ్గిందట. 2009లో న్యూయార్క్ హడ్సన్ నదిమీద విమానం దించి 155 మందినీ బతికించిన పైలట్ సల్లెన్‌బర్గర్‌కు అప్పుడు 57. రెండు ఇంజన్లూ చచ్చిన వెంటనే, చెక్‌లిస్టులో ఆ వరస రాకముందే, కరెంటు కోసం ఏపీయూ (విమానంలో ఉండే చిన్న అదనపు ఇంజను) ఆన్ చేసినాడు. మా నాయన రెండో గేరు కూడా అదే లెక్క.

అయినా ఊరికే ఇచ్చేయరు లెండి. 60 దాటితే ప్రయాణికుల విమానం ఒక్కరే నడపకూడదు, ఇద్దరు పైలట్లుండేవాటిలోనే 65 దాకా. ఆర్నెల్లకోసారి మెడికల్ పరీక్ష.

మొన్న నేనెక్కిన హైదరాబాదు ప్రైవేటు బస్సు డ్రైవరుకు పాతికేళ్లుంటాయేమో. నంద్యాల నుంచి ఓర్వకల్లు దాకా ఎడమచేత్తో వీడియో కాల్ మాట్లాడుతూనే ఉన్నాడు. వాని వయసు మీద మాత్రం ఎవరూ ప్రశ్న వేయరు.