ఎల్ లాకో కొండెక్కే ముందు

అమ్మలూ,

చిలీ వెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. నా సర్వీసంతా ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజంతోనే గడిచింది. అది ఏనాడో నీటి అడుగున పొరలుగా పేరుకున్న ఇనుము. నువ్వు ఎల్ లాకోలో చూడబోయేది ఆండీస్ పర్వతాల్లో, 4,600 మీటర్లకు పైన, అగ్నిపర్వతం వాలు మీద ఉన్న ఇనుము. వయసు సుమారు 20 లక్షల ఏళ్లే. మన రాళ్ల లెక్కలో నిన్నమొన్నటిది.

అక్కడికెళ్లాక ఆ రాయి ఎలా పుట్టిందో తేల్చేసే తొందర వద్దు. ఎల్ లాకోలోని మాగ్నటైట్, అంటే అయస్కాంత గుణమున్న నల్లటి ఇనుప ఖనిజం, అచ్చం లావాలా ఉంటుంది. లోపల గ్యాసు పోయిన గొట్టాలుంటాయి. లెన్స్ పెట్టి చూడు, వాటి గోడలకు ఎనిమిది ముఖాల స్ఫటికాలు తళతళలాడతాయి. ‘ఇనుము కరిగి పారింది’ అని వెంటనే రాసేయాలనిపిస్తుంది. 1961 నుంచి చాలామంది అదే అన్నారు. శిలాద్రవం నూనె, నీళ్లలా విడిపోయి, ఇనుము ఎక్కువున్న భాగం పైకొచ్చిందని వాళ్ల వాదన. కానీ ఒట్టి మాగ్నటైట్ కరగాలంటే 1,590 డిగ్రీల దాకా వేడి కావాలి. ఇప్పటి ఏ లావా అంత వేడిగా ఉండదు. నీరో భాస్వరమో కలిసి ఆ వేడి అవసరాన్ని తగ్గించి ఉండాలి. రెండో పక్షం వాళ్లు, ఉప్పు నిండిన వేడినీరు ఆండసైట్‌ను (అక్కడి మామూలు లావా రాయిని) తినేసి ఆ చోట మాగ్నటైట్ నింపిందంటారు. మాగ్నటైట్ స్ఫటికాలు గ్యాసు బుడగలకు అంటుకుని పైకి తేలతాయని చిలీలోనే మరో గని చూసి 2015లో ఇంకో మాట చెప్పారు. నాకైతే కొండ ఒక్కటే అయినా ఒక్కో చోట ఒక్కో పని జరిగిందనిపిస్తుంది.

అందుకే ఖనిజం మధ్యలో కన్నా అంచు దగ్గర ఎక్కువసేపు కూర్చో. అంచు కత్తితో కోసినట్టుందా, ఆండసైట్ మెల్లమెల్లగా నల్లబడుతూ పోయిందా? ఆండసైట్‌లోని తెల్లటి ఫెల్డ్‌స్పార్ ఖనిజపు గింజల ఆకారం నల్లరాయిలోకీ సాగితే, పాత రాయి అక్కడే ఉండి మారిపోయిందన్నమాట. ముందు చూసింది బొమ్మ గీయి, తర్వాతే మాటలు.

దిక్సూచిని నమ్మకు. ఒకసారి మాగ్నటైట్ బండ పక్కన నిలబడి రోజంతా కొలతలు రాసుకున్నాను, అన్నీ పారేయాల్సి వచ్చింది. జీపీఎస్‌తో రెండు బిందువులు తీసుకుని దిశ కట్టు. గ్లేజు లేని పింగాణీ ముక్క ఒకటి జేబులో పెట్టుకో. దానిమీద గీస్తే మాగ్నటైట్ నల్లగా, ఇంకో ఇనుప ఖనిజమైన హెమటైట్ ఎర్రగా పడుతుంది.

కిందున్న శాన్ పెద్రో దె అటకామా ఊళ్లో, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేలా రెండు మూడు రోజులు ఆగి ఎక్కండి. తలనొప్పి ఎక్కువైతే మొహమాటపడకుండా చెప్పి కిందికి దిగిపో. అంచు దగ్గరి ఫోటోలు పంపు, పక్కన స్కేలు పెట్టి తీయి.

పెద్దనాన్న