పాత ఇంగ్లీషు డబల్ బ్యారల్ తుపాకుల్లో నిజంగా అంత పనితనం ఉందా, లేక పేరుకే అంత ధరా?

ఉంది. అయితే మీరు ప్రశ్నతో పాటు పెట్టిన ఫొటోలో చూపించిన చోట కాదు. పక్కపలకల మీద గులాబీలు, తీగలు చూసి "ఇంత ధర ఈ నగిషీకేనా, లేక లండన్ పేరుకా" అని అడిగారు. నగిషీ దాదాపు చివర్లో చేసే పని. అది చెక్కే మనిషి చేతికి వచ్చేసరికే తుపాకీ మంచిదో కాదో తేలిపోయి ఉంటుంది.

నేను తుపాకులు చేసేవాణ్ణి కాదు, ఫిట్టర్‌ని. మాది బొబ్బిలి దగ్గర. ఐటీఐ చేసి, నాలుగు ఊళ్లు తిరిగి బర్మింగ్‌హామ్ చేరాను. ఇక్కడ ఒక టూల్‌రూమ్‌లో పదిహేడేళ్లుగా పని. పోలీసుల దగ్గర షాట్‌గన్ సర్టిఫికెట్ తీసుకుని ఆదివారాలు క్లే షూటింగ్‌కి వెళ్తుంటాను, అంటే యంత్రం గాల్లోకి విసిరే మట్టి బిళ్లల్ని కొట్టడం.

మొదటి తుపాకీ కొన్నప్పుడు నేనూ పేరు చూసే కొన్నాను. 1920ల నాటి బాక్స్‌లాక్, అంటే పేల్చే యంత్రాంగం పెట్టెలాంటి ఇనుప భాగం లోపలే ఇమిడి ఉండే రకం. మీద లండన్ చిరునామా, గొట్టాల లోపల అద్దంలా మెరుపు, చెక్క మీద కొత్త పాలిష్. 1,400 పౌండ్లు. భుజానికి ఆనించే చెక్క నాకు అర అంగుళం పొడవైందని, తగ్గించమని గన్ క్వార్టర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. గన్ క్వార్టర్ అంటే ఒకప్పటి బర్మింగ్‌హామ్ తుపాకీ పనివాళ్ల పేట. గొట్టాలు ఒక వీధిలో, లాకులు (పేల్చే యంత్రాంగాలు) ఇంకో వీధిలో, చెక్క పని మరో మేడ మీద. ముక్కలు మనుషుల చేతుల్లో వీధులు తిరిగి తిరిగి చివరికి తుపాకీ అయ్యేవి. 1960లలో రింగ్ రోడ్డు వేయడానికి ఆ పేటలో చాలా భాగం కూల్చేశారు. అటుగా కారులో వెళ్లినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అంతమంది చేతి విద్య ఒక రోడ్డు కింద పోయింది.

పెద్దాయన చెక్క వైపు చూడనే లేదు. గొట్టాలు ఊడదీసి, వాటి కింద ఉండే కొక్కేన్ని ఒక వేలికి తగిలించి వేలాడదీశారు. ఇంకో చేతి వేలి కణుపుతో మెల్లగా తట్టారు. జత బాగుంటే గంటలా మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. నాది టప్పుమని ఆగిపోయింది. రెండు గొట్టాల్నీ కలిపే పట్టీ దగ్గర ఎక్కడో మాటు వదిలేసిందన్నమాట. తర్వాత గోడ మందం కొలిచే గేజి తీశారు. ఒకచోట 17 థౌ వచ్చింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇక్కడి పనివాళ్లు 20 థౌ కంటే తక్కువంటే ఒప్పుకోరు, అంటే అర మిల్లీమీటరు. లోపలి తుప్పు గుంటలు పోయేదాకా ఎవరో సానబట్టి సానబట్టి లోహాన్ని అరగదీశారు. నేను మురిసిపోయిన మెరుపు అదీ.

డీలరుకి ఫోన్ చేస్తే "ప్రూఫ్‌లోనే ఉంది కదా" అన్నాడు. ప్రూఫ్ అంటే మామూలు కన్నా బలమైన తూటా పేల్చి పరీక్షించి వేసే ముద్ర. బర్మింగ్‌హామ్‌లో ఆ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఉంది. తర్వాత ఆ ముద్ర చెల్లుతుందా లేదా అని చూసేటప్పుడు గొట్టం లోపలి వ్యాసం కొలుస్తారు, గోడ ఎంత పలచబడిందో కొలవరు. కాబట్టి చట్టం దృష్టిలో వాడి తప్పేమీ లేదు. డబ్బు తిరిగి రాలేదు.

ఆ రోజు పెద్దాయన ఇంకో తుపాకీ తీసి నా చేతికిచ్చారు. నగిషీ అరిగిపోయింది, చెక్క నల్లబడింది, మీద ఏదో చిన్న ఊరి దుకాణం పేరు. ముందు చెక్క తీసేసి, గొట్టాలు పట్టుకుని ఊపమన్నారు. చెవి దగ్గర పెట్టి ఊపాను, కిర్రుమనలేదు, కదల్లేదు. తెరిచి, గొట్టాల వెనక సన్నటి కాగితం పెట్టి మూశారు. లాగితే చిరిగింది గానీ జారి రాలేదు. దాదాపు వందేళ్లు పేలిన తుపాకీ అది.

"ఇదెలా చేస్తారు?" అని అడిగితే కిరోసిన్ దీపం వెలిగించారు. గొట్టాల అడుగుభాగాన్ని ఆ పొగలో పెట్టారు, సన్నగా మసి పట్టింది. అలా మసి పట్టిన గొట్టాల్ని యాక్షన్‌లో, అంటే గొట్టాలు కూర్చునే, పేల్చే యంత్రాంగం ఉండే ఇనుప భాగంలో కూర్చి, మూసి, తీస్తారు. తగిలిన చోట మసి అంటుకుంటుంది. అంటుకున్న చోట ఆకురాయితో ఒక్క గీత. మళ్లీ దీపం, మళ్లీ మూయడం, మళ్లీ ఒక గీత. ఇలా వందలసార్లు, అంతటా ఒకేలా మసి అంటేదాకా. మేం టూల్‌రూమ్‌లో నీలం రంగు పూసి చేసేదీ ఇదే పని. కానీ మసి పొర నీలం కంటే ఎంతో పలచన. ఒక్క గీత ఎక్కువైతే తీసేసిన ఇనుము తిరిగి రాదు. నేను బతుకంతా చేసిన పనిని నాకంటే బాగా చేసినవాడు నూరేళ్ల కిందట ఇదే ఊళ్లో ఉన్నాడని ఆ దీపం ముందు తెలిసింది.

అందుకే పేరుకి డబ్బు పెట్టొద్దంటాను. ఊరూరా దుకాణదారులు బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేయించి తమ పేర్లు చెక్కించుకునేవారు. పెద్ద పేర్ల వెనకా పనివాళ్లే. లండన్‌లో పేరు మోసిన జేమ్స్ పర్డీ 1814లో సొంతంగా దుకాణం పెట్టకముందు జోసెఫ్ మాంటన్ అనే ఇంకో తుపాకీ తయారీదారు దగ్గర పనివాడు. ఈనాటికీ పర్డీ జంట గొట్టాల తుపాకీ లోపల ఉన్న యాక్షన్ ఫ్రెడరిక్ బీస్లీ అనే ఒకప్పటి పర్డీ పనివాడు 1880లో పేటెంట్ తీసుకున్నది. ఆయన దాన్ని పర్డీకి అమ్మేశాడు. ప్రపంచమంతా కాపీ కొట్టిన బాక్స్‌లాక్ కూడా 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ అనే తుపాకీ కంపెనీలో పనిచేసే ఆన్సన్, డీలీ కలిసి చేసినదే.

ఇంకో మాట. డమాస్కస్ గొట్టాలున్న తుపాకీ ఫొటో పెట్టి "ఇది మన కోనసముద్రం ఉక్కు" అని తిప్పే వాట్సాప్ ఫార్వర్డులు దయచేసి ఆపండి. కోనసముద్రం ఉక్కు మట్టి మూసలో కరిగించి చేసింది, పేరు మోసిన డమాస్కస్ కత్తులకి వాడింది. తుపాకీ డమాస్కస్‌లో ఇనుప, ఉక్కు కడ్డీల్ని మెలిపెట్టి, ఒక రాడ్ చుట్టూ చుట్టి, కొలిమిలో అతుకుతారు. రెండూ గొప్ప విద్యలే, కానీ వేరు వేరు విద్యలు. మన ఉక్కుకి దొంగ గొప్ప అక్కర్లేదు.

చెక్క గురించి చెప్పకపోతే బొబ్బిలివాణ్ణి అనిపించుకోను. మా గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు ఒకే పనస దుంగని తొలిచి ఏకాండి వీణ తీస్తారు. చిన్నప్పుడు గంటల తరబడి చూసేవాణ్ణి. ఇక్కడ వాల్‌నట్‌ని ఏళ్ల తరబడి ఆరబెట్టి, చేయి పట్టే సన్నటి చోట నార తిన్నగా పోయేలా దుంగని ఎంచుతారు. నార అడ్డం తిరిగితే విరిగేది అక్కడే. ఇనుము కూర్చునే గుంటను ఉలితో తొలవడానికి కూడా మళ్లీ ఆ మసే వాడతారు. వార్నిష్ వేయరు. అవిసె నూనెని అరచేత్తో రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ రుద్దుతారు. వారాలు పడుతుంది. నా మొదటి తుపాకీ మీద వేసింది డబ్బా వార్నిష్ అని పెద్దాయన గోటితో గీకి చూపించారు.

మన దగ్గర తాతల నాటి ఇలాంటి తుపాకులు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఎన్నికలొచ్చినప్పుడు స్టేషన్‌లో అప్పగించమంటారు, దానికి నేనేం అనను. కానీ మా ఊళ్లో ఒకాయన తుపాకీ నెలల తరువాత తిరిగొచ్చేసరికి గొట్టాల నిండా తుప్పు. అప్పగించే ముందు లోపల నూనె గుడ్డ తోయండి, గోనెసంచిలో మాత్రం చుట్టకండి, గోనె తేమ పీలుస్తుంది.

పెద్దాయన చూపించిన రెండో తుపాకీని 380 పౌండ్లకి నేనే కొన్నాను. గొట్టాలు ఊడదీస్తే అడుగున ప్రూఫ్ ముద్రల పక్కన చిన్నగా రెండక్షరాలు కొట్టి ఉన్నాయి. పని చేసినవాడి గుర్తు అది. ఎవరివని అడిగితే, పేటలో చిన్నప్పటి నుంచీ ఉన్న ఆయనకూ తెలియదు. మీరు కొనబోయే తుపాకీని కూడా తిరగేసి ఆ చోటు చూడండి.