నెల్లూరులో తిరగడానికి యమహా ఆర్‌15 స్పోర్ట్స్ బైకు ఎందుకండీ? అంత మోజేంటి?

ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌కైతే అక్కర్లేదు, అక్కడ స్కూటీయే రాజు. కింద బిగించిన హ్యాండిల్ మీదకి ఒంగి కాసేపు క్లచ్ నొక్కితే చాలు, మణికట్లు లాగేస్తాయి.

అసలు సంగతి కావలి వైపు హైవే ఎక్కాక తెలుస్తుంది. ఆర్‌15 ఇంజను 155 సీసీయే. కానీ 2018లో వచ్చిన మోడల్ నుంచి 7,400 ఆర్‌పీఎం (అంటే ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గాలి లోపలికి తీసుకునే వాల్వులు తెరుచుకునే తీరు మారుతుంది. గాలి ఎక్కువ పోతుంది కాబట్టి మామూలు బండి ఆయాసపడే చోట కూడా ఇది లాగుతూనే ఉంటుంది. ఒంగి కూర్చోవడం వల్ల ఎదురుగాలి తగ్గుతుంది, బరువు ముందు చక్రం మీద పడి మలుపులో బండి చెప్పిన మాట వింటుంది. ఆ పట్టు ఒకసారి రుచి చూసినవాడికి మైలేజీ లెక్కలు చెవికెక్కవు.

ఇక ఆదివారం పొద్దున వాకిట్లో చైన్‌కి ల్యూబ్ కొడుతుంటే వీధి పిల్లలు చుట్టూ చేరి "అన్నా, ఎంత పోద్ది?" అంటారు చూడండి, సగంమంది దీనికోసమే కొంటారని నా అనుమానం.

రాత్రిపూట మాత్రం లైట్లు లేని ట్రాక్టర్లు రాంగ్ రూట్లో వస్తుంటాయి, స్పీడు చూసుకోండి. టెస్ట్ రైడ్‌కి వెళ్లేటప్పుడు ఇంట్లో ఎవరినైనా వెనక ఎక్కించుకుని వెళ్లండి. ఆ సీటు మీద వాళ్ల అభిప్రాయం అక్కడే తేలిపోతుంది.